తవుడుకు అమ్మిన బిడ్డ

“ఈ పూట పాలెం పోబాక బేతూ. నా మనసెందుకో కీడు శంకిస్తా ఉండాది.”

ఎలిశబెతు తలెత్తలేదు. వసారాలో గొంతుక్కూర్చుని తూకపు స్ప్రింగుకు కొబ్బరినూనె రాస్తూ ఉంది. ఆ ఊరి ఉప్పుగాలికి ఇనుమన్నది నిలవదు. ఎన్నిసార్లు తుడిచినా మర్నాటికి ఎర్రగా తుప్పు పొడుస్తుంది.

“నీ మనసు నిన్న కూడా శంకించింది గదమ్మా.”

“నిన్న వేరు. నిన్న గాలాడింది. ఇయ్యాళ చూడు, చెట్టున ఆకు కదల్లేదు. సముద్రం ఊపిరి బిగబట్టుకోని ఉన్నట్టుండాది.”

“మంచిదేగా. కళ్ళల్లో ఇసక పడదు.”

సామ్రాజ్యం చద్దన్నం గిన్నె మూత బిగించి గుడ్డలో మూట కట్టింది. ఆమెకు భయం లేనిది లేదు. సరుగుడు తోటలో పాములుంటాయని భయం. బస్సు బ్రేకులు పడవని భయం. పోస్టుమాను వీధిలో కనిపిస్తే గుండె దడ, కనిపించకపోతే ఇంకా దడ. ఎలిశబెతుకు ముందు పుట్టిన ఇద్దరూ బోసినవ్వులన్నా నవ్వకుండానే పోయారు. కాంపౌండరు పని చేసిన భర్త సంజీవరావు ఊరందరికీ మందులు కలిపి ఇచ్చీ ఇచ్చీ, తన జ్వరానికి మాత్రం ఏ మందూ పని చెయ్యకుండా కన్ను మూశాడు. ఇక మిగిలింది ఈ ఒక్క పిల్ల. పిల్ల అంటే పిల్ల కాదు, ముప్పై దాటింది. చెవుల పక్కన వెంట్రుకలు అప్పుడే నెరిశాయి. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. మడమలు పగిలి, ఎండకు మెడ నల్లబడి, ఉతికీ ఉతికీ వెలిసిన నూలు చీరలో వెనకనుంచి చూస్తే తనకంటే పెద్దదానిలా కనపడుతుంది తల్లికి.

తూకం, ఉయ్యాల గుడ్డ, పుస్తకాలు సంచిలో సర్దుకుని బయటికి వచ్చేసరికి ఇంటి యజమానురాలు వెంకటశేషమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తూ పలకరించనే పలకరించింది.

“ఏం సామ్రాజ్యమ్మా, మీ పాప చదువు ఇంకా కాలేదా? మా చిన్నోడు గుడక బడి మానేసి రెండు పైర్లు కోసినాడే!”

“ఏం చదువులే అక్కా,” అంది సామ్రాజ్యం గొంతు తగ్గించి. “పొద్దు పోక తిరగతా ఉండాది.”

“డాక్టరు పరీక్షంటివే? సూది వేసే డాక్టరా?”

“అది కాదంట. ఇంకో రకం డాక్టరంట. నాకేం తెలుసు.”

సామ్రాజ్యానికి తెలుసు. మిషను బడిలో ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి, కూతురు చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. ఒక ఇంట్లోకి ఏం వస్తుంది, వచ్చింది ఎవరి కడుపులోకి పోతుంది, ఆ ఇంటి పిల్లలు ఎందుకు పెరుగుతారు, ఎందుకు పెరగరు అన్నది కూతురి చదువు. విడవలూరు చుట్టుపక్కల వరి పండించే ఇళ్ళు కొన్ని, సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇళ్ళు కొన్ని ఎంచుకుని నెలనెలా వాటి గడపలు తొక్కుతోంది. ఇదంతా వెంకటశేషమ్మకు విడమరిచి చెప్పగలదు సామ్రాజ్యం. కానీ నా కూతురు ఇంతది అని పైకి అంటే ఏ కన్ను పడుతుందోనని ఆమె బెరుకు. ఆదివారం గుళ్ళో కూడా ఎవరైనా అడిగితే, “ఆ, ఏదో చదువుతా ఉండాదిలే” అని మాట మళ్ళించేది. ఆ మాట కూతురి చెవిన పడుతూనే ఉండేది.

ఇద్దరూ పొలాలు దాటి, కాలవ గట్టెక్కి, సరుగుడు తోటల్లోకి దిగారు. ముందు ఎలిశబెతు, వెనక గొడుగు పట్టుకుని తల్లి. పెళ్ళి కాని ఆడపిల్ల ఒంటరిగా పాలెంల వెంబడి తిరగడమేమిటని సామ్రాజ్యం నెల్లూరులో ఇల్లు తాళం వేసి మరీ వచ్చి కూర్చుంది. వండి పెట్టడానికని పేరు. నిజానికి కాపలా.

ఎలిశబెతు నెల్లూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా ఉండేది. స్థిరమైన ఉద్యోగం. ఆ బడిలో పిల్లలు మధ్యాహ్నం పూట బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతుంటే మొదట్లో బెత్తం పట్టుకుని లేపేదట. తర్వాత్తర్వాత ఎందుకు నిద్రపోతున్నారని అడగడం మొదలుపెట్టింది. అక్కడ మొదలైంది. వాల్తేరు పోయి ఎమ్మే చదివి, అక్కడి ప్రొఫెసరుగారి దగ్గరే పరిశోధనకు చేరింది. ఆయన మొదటి రోజే ఒక మాట చెప్పారు: “చూడు, రాసుకో. చెయ్యి మాత్రం పెట్టకు. నువ్వు చెయ్యి పెడితే అది ఇంక వాళ్ళ సంసారం కాదు, నీ సంసారం అవుతుంది.”

ఎలిశబెతు ఆ మాట అక్షరాలా పట్టుకుంది. ఏ పిల్ల చేతిలోనూ బిస్కత్తు ముక్క పెట్టలేదు. సామ్రాజ్యం ఒకసారి ఎవరి పిల్లకో అరటిపండు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ తర్వాత వరి పండించే ఇళ్ళల్లో ఒక ఆడపిల్ల, ఇంకా మాటలు రాని పిల్ల, నెలనెలా తూకంలో కాస్త కాస్త తరిగిపోయింది. ఎలిశబెతు చూసింది, రాసుకుంది. ఒక నెల తూకానికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ ఉత్త చేతులతో బయటికి వచ్చి, “అది లేదమ్మా. దీన్ని తూస్తావా?” అని పెద్దదాన్ని ముందుకు తోసింది. ఆ రోజు కంచం ముందు కూర్చుని అన్నం చల్లారిపోయేదాకా చూస్తూనే ఉంది ఎలిశబెతు. ఏమయింది తల్లీ అంటే తలనొప్పి అంది. అప్పటినుంచీ కూతురికి నవ్వు తగ్గిందని సామ్రాజ్యం గమనించింది గానీ అడగడానికి భయపడింది.

పాలెంలో వలలు బాగుచేసే పందిరి కింద తూకం వేలాడదీసేసరికి తల్లులు చంకలో పిల్లల్ని ఎత్తుకుని చేరారు. ప్రతి తల్లీ ముందు పొయ్యి బూడిద తెచ్చి బిడ్డ నుదుట రాసి, తర్వాతే ఉయ్యాల గుడ్డలో వేస్తుంది. తూసినాక మెటికలు విరిచి దిష్టి తీస్తుంది. మొదట్లో అసలు తూయనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు అలవాటయింది.

“టీచరమ్మా!” వల అల్లుతూ జయరామయ్య కేకేశాడు. “మా వంజరాలు కొనే బేరగాడికి నీ తూకం ఒక్కరోజు ఇయ్యగూడదా? వాడి తూకంలో ఎంత పెద్ద చేపయినా ఎండబెట్టినట్టు తేలికైపోతా ఉండాది.”

“నీ నోరు తూస్తే తెలుస్తాది, ఎంత బరువో,” అంది మస్తానమ్మ. ఆమె జయరామయ్య పక్కింటి మనిషి, లావుగా, నోరారా నవ్వే మనిషి. ఆమె చంకలో హజరత్తయ్య ఉన్నాడు. రెండేళ్ళవాడు.

హజరత్తయ్యను కన్నది మస్తానమ్మ కాదు. జయరామయ్య పెళ్ళాం పెంచలమ్మ. ఆ సంగతి పాలెంలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పెంచలమ్మకు వరసగా ముగ్గురు పుట్టి పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టగానే కాసుమూరు దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టి, మస్తానమ్మ దగ్గర చేటెడు తవుడు పోయించుకుని, బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టి అమ్మేసింది. అమ్మిన బిడ్డ అమ్మినట్టే. అయిదేళ్ళు నిండి దర్గాలో పుట్టెంట్రుకలు తీసిందాకా తల్లి వాణ్ణి నా కొడుకు అనగూడదు. అంటే, ఆ ముగ్గుర్నీ తీసుకుపోయినదేదో ఆ మాట విని వీడి జాడ పట్టేస్తుంది. అందుకని పెంచలమ్మ తన రొమ్ము తనే ఇచ్చి కూడా, “పక్కింటోళ్ళ బిడ్డ, ఏడస్తా ఉంటే పాలిచ్చినా” అనేది. తూకం రోజున మస్తానమ్మే ఎత్తుకొస్తుంది. పెంచలమ్మ దూరంగా పడవ పక్కన నిలబడి చూస్తుంది.

ఎలిశబెతు మొదటి నెల ఈ కథ తెలియక పెంచలమ్మను, నీకు పిల్లలెంతమంది అని అడిగి, లేరంటే లేరని రాసుకుంది. తర్వాత తెలిసి సరిదిద్దుకుంది.

ఇవాళ హజరత్తయ్యను ఉయ్యాలలో వేస్తే ముల్లు పోయిన నెలకంటే ముందుకు జరిగింది.

“పెరిగినాడా? నేను చెప్పలా!” మస్తానమ్మ చప్పట్లు చరిచింది. “బుగ్గలు చూడు, బూరెల మాదిరి లేవూ?”

పడవ దగ్గర పెంచలమ్మ ముఖం విప్పారింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “పరాయి బిడ్డ లావైతే నాకేంది, సన్నమైతే నాకేంది” అంది. అంటూనే రెండడుగులు దగ్గరికి వచ్చింది. ఆమెకు మళ్ళీ నెలలు. కడుపు ఎత్తుగా కనపడుతోంది.

సామ్రాజ్యం కూడా సంతోషపడబోయి, కూతురి ముఖం చూసి ఆగింది. ఎలిశబెతు పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. వాడు ఏడవలేదు, నవ్వలేదు. ఎవరో విసుక్కుని పక్కన పెట్టేసిన వస్తువులా కూర్చున్నాడు. జుట్టు పీచులాగా ఎర్రబారింది. మూతి పక్కన చర్మం పొలుసులు లేచింది. ఎలిశబెతు వాడి కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. అక్కడ గుంట పడింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది, తడి ఇసకలో వేలు గుచ్చినట్టు.

ముల్లు జరిగింది కండకు కాదు. తిండి చాలక ఒళ్ళు నీరు పట్టింది. కాంపౌండరు పెళ్ళానికి ఎవరూ చెప్పనవసరం లేదు.

“వీడేం తింటున్నాడు?” ఎలిశబెతు మస్తానమ్మను అడగలేదు. పెంచలమ్మనే అడిగింది.

“నాకేం తెలుసు...” అని మస్తానమ్మ వైపు చూసి, మళ్ళీ తనే చెప్పింది. “గంజి తాగతాడు. సగ్గుబియ్యం జావ. రొమ్ము మానిపించి మూడు నెల్లు దాటింది. ఇంకోటి కడుపున పడినాక ఆ పాలు తాగితే బిడ్డ సన్నగిల్లుతాడంట గదా.”

“చేప?”

“అయ్యో! చిన్నబిడ్డకు చేపా? ఏలికపాములు పడవూ కడుపులో?”

పందిరి వెనక ఎండబెట్టిన చేపల వాసన గుప్పుమంటోంది. ఎలిశబెతు పెన్సిలు పట్టుకుని ఒకసారి పుస్తకం వైపు, ఒకసారి పిల్లవాడి కాలి వైపు చూసింది. సామ్రాజ్యానికి ఆ చూపు అర్థమైంది. కూతురు పెన్సిలు జడలో గుచ్చుకుంది.

“వీణ్ణి ఇప్పుడే నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి.”

పందిరి కింద అందరూ ఒక్కసారిగా గుక్కతిప్పుకోకుండా మాట్లాడారు. లావెక్కిన బిడ్డకు ఆసుపత్రేందన్నారు. సామ్రాజ్యం కూతురి మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

“బేతూ, వద్దు. నా మాట విను. దార్లో ఏమన్నా అయితే మన మీద పడతారు. ఊరు గాని ఊరు. ఆడోళ్ళం. నీ ప్రొఫెసరుగారు గూడా వద్దన్నాడు గదా?”

“ఇంట్లో అయితే ఎవరి మీదా పడరు లేమ్మా. ఇన్నాళ్ళూ నేను చేసిందదేగా.”

గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. చాలాదూరం మోసుకొచ్చిన బరువు కింద పెట్టేవాళ్ళ గొంతులా ఉంది. సామ్రాజ్యం చెయ్యి వదిలేసింది.

ఎలిశబెతు జయరామయ్య ముందు కూర్చుని, పిల్లవాడి కాలు మళ్ళీ నొక్కి చూపించింది. అతను వల పక్కన పెట్టి ఆ గుంట కేసి చాలాసేపు చూశాడు. హాస్యమంతా ఎటుపోయిందో.

“నీరా?” అన్నాడు.

“నీరే.”

“తీసకపో టీచరమ్మా. బండి నేనే కడతా.” గొంతు తగ్గించాడు. “కానీ ఒకటి. అక్కడ మా ఆడదాని చేత తల్లి అనే మాట అనిపించబాకండి. దాని ప్రాణం ఆ మాటలోనే ఉండాది.”

మస్తానమ్మ వస్తే ఏ గొడవా లేకపోను. ఆమె కోడలికి ఇవాళో రేపో అన్నట్టు నొప్పులు. బండి కదిలేటప్పుడు పెంచలమ్మే ఎక్కింది. “పక్కింటి మనిషిని, తోడు పోతా ఉండా” అని అందరికీ వినపడేట్టు చెప్పి మరీ ఎక్కింది.

చేపల బండిలో విడవలూరు, అక్కణ్ణుంచి బస్సు. కిటికీ పక్కన పెంచలమ్మ బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని బయటికే చూస్తూ కూర్చుంది. చేత్తో మాత్రం వాడి పాదం పట్టుకునే ఉంది. వెనక సీట్లో తల్లీ కూతుళ్ళు. బస్సు కుదుపుకు ఎలిశబెతు తల తల్లి భుజానికి తగిలి, అక్కడే ఉండిపోయింది. చిన్నప్పటినుంచీ అలా వాలింది లేదు. సామ్రాజ్యం కదలకుండా కూర్చుంది.

“తూకం పందిట్లోనే మరిచిపోయి వస్తిమి,” అంది కాసేపటికి.

“మరిచిపోలేదు. ఉండనీ.”

“మరి రేపు?”

“ఈ బిడ్డ ఇంక నా చదువులోకి రాడు. వీడొక్కడేనా? వచ్చే నెల ఇంకో కాలు నొక్కుతా. అప్పుడు చూసి ఊరుకోగలనా?” కళ్ళు మూసుకునే చెప్పింది. “అయిపోయిందమ్మా.”

“అయిపోయిందంటే? ఇన్నేళ్ళూ...”

ఆ చదువు ఎప్పుడు అయిపోతుందా అని మొక్కుకున్న మనిషి సామ్రాజ్యమే. అయిపోయిందని వింటుంటే ఎవరో తన ఇంట్లోంచి దేన్నో మోసుకుపోతున్నట్టు అనిపించింది. బడివాళ్ళు మళ్ళీ తీసుకుంటారో లేదో. నలుగురూ ఏమంటారో.

“ఎవరన్నా అడిగితే ఏం చెప్పేది?”

“నువ్వు ఎప్పుడూ చెప్పేదే. పొద్దు పోక తిరిగిందని.” ఎలిశబెతు కళ్ళు తెరవకుండానే నవ్వింది. “నువ్వు గూడా నన్ను తవుడుకే అమ్ముకుంటివి గదా.”

పెన్న మీద వంతెన దాటేదాకా సామ్రాజ్యం కూతురి కళ్ళజోడు కాడకు కట్టిన దారం సవరిస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో దీపాలు అప్పుడే వేస్తున్నారు. వరండాలో ఫినాయిలు వాసన. సామ్రాజ్యానికి పాత రోజులన్నీ ఆ వాసనలోంచి లేచి వచ్చి ఎదుట నిలబడినట్టయింది. డాక్టరమ్మ పిల్లవాడి కనురెప్ప లాగి చూసి, కాలు నొక్కి చూసి, నర్సు చేతికిచ్చింది. నర్సు వాణ్ణి ఎత్తుకుని పచ్చ తెర వెనక్కి పోయింది. వాడు అప్పుడు కూడా ఏడవలేదు. అదే అన్నిటికంటే భయం వేసింది సామ్రాజ్యానికి. బెంచీ మీద వాణ్ణి చుట్టుకొచ్చిన పాత పంచె ముక్క మిగిలింది. పెంచలమ్మ దాన్ని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

నర్సు తిరిగొచ్చింది.

“బిడ్డను ఇక్కడే ఉంచుకోవాల. బిడ్డతోపాటు తల్లి ఉండాల, వేరేవాళ్ళని ఉండనియ్యం. తల్లెవరు?”

నర్సు ముగ్గురి ముఖాలూ చూసింది.

“మిమ్మల్నే. తల్లెవరు?”

పెంచలమ్మ వరండా బయటికి చూసింది. అక్కడ ఎవరూ లేరు. మసక చీకట్లో వేపచెట్టు, దాని కింద ఖాళీ రిక్షా. ఆ ముగ్గురు బిడ్డల్నీ తీసుకుపోయినదేదో అక్కడ నిలబడి చెవులు రిక్కించి వింటూ తనకు కనపడుతున్నట్టే చూసింది. పంచె ముక్కను గుప్పిట్లో నలిపింది. కింద పెదవిని పంటితో పట్టుకుంది.

నేనుంటా అనేద్దామా అనుకుంది సామ్రాజ్యం. పిన్నమ్మ అని, అత్త అని, ఏదో ఒకటి. నోరు తెరవబోయింది. ఎలిశబెతు తల్లి చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది. తాను కూడా భయపడుతోంది పిల్ల. లోపల తెర వెనక ఏదో గిన్నె చప్పుడయింది. ఆ తర్వాత, పొద్దుటినుంచీ నోరెత్తని బిడ్డ, సన్నగా ఒక్కసారి ఏడ్చాడు.

చీకటి పడింది.

పెంచలమ్మ లేచింది. బయట ఎవరు వినదలుచుకున్నా వినపడేంత గట్టిగా అంది.

“నేనే. వాడు నా కొడుకు.”